పాత సీఆర్‌వీ: వెనక డిస్క్ ఊడకపోతే

కళింగపట్నం, బారువ వైపు తిరిగే బండ్లలో ఉప్పుగాలికి వెనక బ్రేకు డిస్క్ తుప్పుపట్టి హబ్‌కి (చక్రం బిగించే మధ్య భాగం) అతుక్కుపోతుంది. నా పాత హోండా సీఆర్‌వీలోనూ అదే. దీని హ్యాండ్‌బ్రేక్ షూలు (లోపలి నుంచి ఒత్తి ఆపే పట్టీలు) డిస్క్ మధ్యలోని డ్రమ్ములో ఉంటాయి, అసలు చిక్కు అక్కడే.

ముందు చక్రాలకు అడ్డుపెట్టి, బండిని స్టాండు మీద నిలిపి, హ్యాండ్‌బ్రేక్ దించాలి. డిస్క్‌ని నొక్కే క్యాలిపర్‌ని బ్రాకెట్‌తో సహా విప్పి తీగతో పైకి కట్టండి, బ్రేకు గొట్టం మీద వేలాడనివ్వొద్దు.

డిస్క్‌ని పట్టిన రెండు స్టార్ స్క్రూలు మామూలు స్క్రూడ్రైవర్‌కి లొంగవు, తల అరిగిపోతుంది. 3వ నంబర్ బిట్టు వేసిన ఇంపాక్ట్ డ్రైవర్ (దెబ్బ తగిలితే తిరిగేది) మీద సుత్తితో కొట్టాలి. అప్పటికీ రాకపోతే తల డ్రిల్ చేసేయడమే. ఆ స్క్రూలు పోయినా ఫర్వాలేదు, చక్రం బిగించాక డిస్క్‌ని పట్టి ఉంచేది వీల్ నట్లే.

హబ్ అంచున తుప్పు వదిలే స్ప్రే కొట్టి పావుగంట ఆగండి. డిస్క్‌లో ఖాళీగా ఉన్న రెండు మరల రంధ్రాల్లో 8 ఎంఎం, 1.25 పిచ్ (మరల మధ్య దూరం) బోల్టులు ఎక్కించి, పావు తిప్పు చొప్పున మార్చి మార్చి బిగిస్తే టక్కున వదులుతుంది. ఒకదాన్నే బిగిస్తే వంకరగా ఇరుక్కుంటుంది. సుత్తి బాదుడు బేరింగుకి చేటు.

కాస్త బయటికొచ్చి ఆగిందంటే అది తుప్పు కాదు, డ్రమ్ము అంచుకి షూ తట్టుకుంటోంది. రబ్బరు మూత తీసి, రంధ్రంలోంచి అడ్జస్టర్ పళ్లచక్రాన్ని వదులు చేయాలి. బలవంతంగా లాగితే షూ పిన్నులు ఊడొస్తాయి.

హబ్‌ని వైర్ బ్రష్‌తో శుభ్రంగా రుద్దాలి. తుప్పు మిగిలితే డిస్క్ ఊగి బ్రేకు అదురుతుంది. వీల్ నట్లు ఎదురెదురుగా, 108 న్యూటన్ మీటర్లకు బిగించాలి.