విమ్ ఎడిటర్‌లో సింటాక్స్ రంగులను మనకు తగినట్టు మార్చుకునే పద్ధతి

విమ్‌లో ప్రోగ్రామ్ ఫైలు తెరవగానే కీవర్డులు ఒక రంగులో, కామెంట్లు మరో రంగులో కనిపించే ఏర్పాటు 1998లో వచ్చిన 5.0 వెర్షన్ నుంచీ ఉంది. ఆ రంగులు నచ్చనప్పుడు చాలామంది ఒక కలర్ స్కీమ్ తీసేసి ఇంకొకటి పెట్టుకుంటూ పోతారు. కానీ కంటికి ఇబ్బంది కలిగించేవి సాధారణంగా ఒకటి రెండు రంగులే కాబట్టి, స్కీమ్‌ను అలాగే ఉంచి వాటిని మాత్రమే సరిచేసుకోవడం మేలు. కింద చెప్పే కమాండ్లను ఎడిటర్‌లో ఆంగ్ల అక్షరాల్లోనే టైపు చేయాలి.

ముందుగా ఒక విషయం గుర్తుంచుకోవాలి: విమ్ అక్షరాలకు నేరుగా రంగు వేయదు. ఒక్కో భాషకు ఉండే సింటాక్స్ ఫైలు మొదట వాటికి ఒక పేరు పెడుతుంది. పైథాన్ ఫైలులో # గుర్తుతో మొదలయ్యే వ్యాఖ్యకు పైథాన్‌కామెంట్ అనీ, సీ భాషలోని వ్యాఖ్యకు సీకామెంట్ అనీ పేర్లు. ఇవి రెండూ కామెంట్ అనే ఉమ్మడి గ్రూపుకు లింకై ఉంటాయి. రంగు ఉండేది ఆ గ్రూపు దగ్గర. అందువల్ల కామెంట్ గ్రూపును మార్చితే అన్ని భాషల్లోనూ మారుతుంది, పైథాన్‌కామెంట్‌ను మార్చితే పైథాన్‌లో మాత్రమే మారుతుంది.

ఏ పేరు మార్చాలో ఊహించకుండా ఎడిటర్‌నే అడగాలి. కర్సరును ఆ అక్షరం మీద ఉంచి, ఎకో కమాండులో సిన్‌ఐడీ ఫంక్షన్‌కు కర్సరున్న లైను, కాలమ్ సంఖ్యలతో పాటు మూడో విలువగా 1 ఇచ్చి, అది తిరిగిచ్చిన సంఖ్యను సిన్‌ఐడీఆట్ర్ ఫంక్షన్‌కు నేమ్ అనే మాటతో కలిపి అందిస్తే గ్రూపు పేరు తెర కింద కనిపిస్తుంది. విమ్‌లో ఈ రెండో ఫంక్షన్ పేరు చివర ఏ, టీ, టీ, ఆర్ అనే నాలుగు అక్షరాలే ఉంటాయి. విమ్ నుంచి పుట్టిన నియోవిమ్ ఎడిటర్‌లో 0.9 వెర్షన్ నుంచి ఇన్‌స్పెక్ట్ అనే ఒక్క కమాండుతోనే ఈ పని జరుగుతుంది. కోడు నిర్మాణాన్ని విశ్లేషించి రంగులు వేసే ట్రీసిట్టర్ వాడేవారికి అదే సరైన దారి.

పేరు తెలిశాక మార్చడం తేలిక. కోలన్ కొట్టి హైలైట్ అనీ, కామెంట్ అనీ, ఆపై జీయూఐఎఫ్‌జీ=#767676 అనీ (జీయూఐఎఫ్‌జీ అంటే అక్షరాల రంగు) రాస్తే కామెంట్లు బూడిద రంగులోకి వస్తాయి. ఈ సంఖ్యను ఎంచుకోవడానికి కారణం ఉంది. మామూలు పరిమాణంలోని అక్షరానికీ నేపథ్యానికీ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలని వెబ్ అందుబాటు ప్రమాణాలు చెబుతాయి. తెల్లని నేపథ్యం మీద #767676 ఆ గీతను కొద్దిగా దాటుతుంది, కాస్త లేతదైన #808080 మాత్రం 4:1 కూడా అందుకోదు. కామెంట్లను దాదాపు కనిపించనంత మసకగా ఉంచే స్కీములను నేను సమర్థించను. ఒక లైను ఎందుకు అలా ఉందో చెప్పేది కామెంటే కాబట్టి అది కోడుతో సమానంగా చదవగలిగేలా ఉండాలి.

టెర్మినల్‌లో రంగు మారకపోతే టెర్మ్‌జీయూఐకలర్స్ ఆప్షన్ ఆన్‌లో ఉందో లేదో చూడాలి. అది లేనప్పుడు విమ్ జీయూఐఎఫ్‌జీ విలువను పట్టించుకోదు, టెర్మినల్ కోసం విడిగా ఉండే సీటెర్మ్‌ఎఫ్‌జీకి ఇచ్చిన విలువనే చూస్తుంది.

మార్పును విమ్‌ఆర్‌సీలో (విమ్ మొదలైనప్పుడల్లా చదివే సెట్టింగుల ఫైలులో) రాసినా నిలవడం లేదనేది తరచుగా వినిపించే ఫిర్యాదు. కలర్ స్కీము ఫైళ్లు సాధారణంగా మొదట పాత హైలైట్లన్నిటినీ చెరిపేసి, ఆ తర్వాతే తమ రంగులు వేస్తాయి. దానికి ముందు మనం రాసుకున్నది అందులో కొట్టుకుపోతుంది. కాబట్టి హైలైట్ కమాండును కలర్‌స్కీమ్ ఈవెంటుకు (స్కీము మారే సందర్భానికి) ఆటోకమాండ్‌గా, అంటే దానంతటదే నడిచే కమాండుగా తగిలించి, దాన్ని విమ్‌ఆర్‌సీలో స్కీము ఎంచుకునే లైనుకు పైన ఉంచాలి. అప్పుడు స్కీము ఎన్నిసార్లు మారినా మన రంగు దాని తర్వాత మళ్ళీ పడుతుంది. అయినా సందేహం ఉంటే వెర్బోస్ హైలైట్ కామెంట్ అని అడిగితే, ఆ రంగును చివరిసారిగా ఏ ఫైలు మార్చిందో విమ్ చెబుతుంది.

కొత్త మాటలకు గుర్తింపు ఇవ్వడమూ ఇలాగే. పైథాన్ కామెంట్లలో టూడూ, ఫిక్స్‌మీ వంటి మాటలు ముందే ప్రత్యేకంగా కనిపిస్తాయి. వాటితో పాటు హ్యాక్ అనే మాట కూడా కనిపించాలంటే, హోమ్ డైరెక్టరీలోని డాట్‌విమ్ ఫోల్డరులో ఆఫ్టర్, దానిలో సింటాక్స్ అనే ఫోల్డర్లు చేసి, అక్కడ పైథాన్ డాట్ విమ్ అనే ఫైలులో సింటాక్స్ కీవర్డ్ పైథాన్‌టూడూ హ్యాక్ కంటెయిన్డ్ అని ఒక లైను రాస్తే చాలు. విమ్‌తో వచ్చిన సింటాక్స్ ఫైలును నేరుగా దిద్దకూడదు, తర్వాతి అప్‌డేట్‌లో ఆ దిద్దుబాటు పోతుంది. లైను చివరనున్న కంటెయిన్డ్ అనే మాట వల్ల హ్యాక్ కామెంటు లోపల ఉన్నప్పుడే రంగు పడుతుంది; అదే పేరుతో వేరియబుల్ ఉన్నా దాని జోలికి పోదు.