వారసత్వ వాటా స్వయంబోధిని – 3వ పాఠం: పొలం ఏ కాగితంతో చేతులు మారింది?

వీలునామా రాయకుండా మరణించిన తండ్రి స్వార్జితమైన మూడెకరాలు భార్యకు, ఇద్దరు కొడుకులకు, కూతురికి తలా 75 సెంట్ల చొప్పున వస్తాయని హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షను ప్రకారం గత పాఠంలో లెక్క కట్టాం. ఈ పాఠంలోనూ ఆ కుటుంబాన్నే ఉదాహరణగా ఉంచుకుందాం. అన్నదమ్ములు పొలమంతా తమ పేర్లకు మార్చుకున్నారని కూతురికి ఆలస్యంగా తెలిసింది. లాయరు నోటీసు పంపే ముందే ఆ మార్పు ఏ కాగితం మీద జరిగిందో ఆమె తేల్చుకోవాలి. దాన్నిబట్టే దావా స్వరూపం, గడువు మారిపోతాయి.

సర్వే నంబరు ఇచ్చి, తండ్రి మరణానికి కొన్నేళ్ల ముందు నుంచి నేటి వరకు ఈసీ (ఆ పొలంపై రిజిస్టరైన దస్తావేజుల వివరాలు చూపే ధ్రువపత్రం) తీసుకోవాలి. అందులోని ప్రతి పద్దులో దస్తావేజు రకం, నంబరు, తేదీ, రాసిచ్చినవారి పేర్లు, రాయించుకున్నవారి పేర్లు ఉంటాయి. దస్తావేజు రకం దగ్గర ‘పార్టిషన్’ అని ఉండి, పక్షాలుగా అన్నదమ్ములిద్దరే కనిపిస్తే, తాను సంతకం చేయని ఆ పంపకం ఆమె వాటాను కట్టడి చేయదు. అయితే భూమి పిత్రార్జితమైతే తేదీని రెండుసార్లు చూడాలి, ఎందుకంటే కూతుళ్లకు పుట్టుకతోనే హక్కు ఇచ్చిన 2005 సవరణ, 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను కదిలించదు. ‘రిలీజ్’ (వాటా వదులుకుంటూ రాసిచ్చే పత్రం) అని ఉండి, రాసిచ్చినవారి వరుసలో ఆమె పేరే ఉంటే చిక్కు పెద్దది. బ్యాంకు లోను కోసమని చెప్పి ఆడపడుచుల చేత సంతకాలు పెట్టించుకోవడం మన ఊళ్లలో కొత్త కాదు. అలాంటప్పుడు దస్తావేజు నకలు తీసుకుని, మోసం తెలిసిన నాటి నుంచి మూడేళ్లలోపు దాని రద్దుకు దావా వేయాలి.

ఈసీలో ఏమీ లేకుండా రెవెన్యూ రికార్డులైన 1బి, అడంగల్‌లో మాత్రమే పేర్లు మారి ఉండటం తరచుగా ఎదురయ్యే పరిస్థితి. తమకు అక్కచెల్లెళ్లు లేరన్నట్టుగా వారసుల వివరాలిచ్చి మ్యుటేషన్ (రెవెన్యూ రికార్డుల్లో పేరు మార్పు) చేయించుకుంటారు. అన్నదమ్ముల పేరిట ఉన్న పట్టాదారు పాసుపుస్తకం చూసి చాలామంది ఇక్కడే ఆశ వదులుకుంటారు కానీ, నా దృష్టిలో అన్నిటికంటే తేలికైన కేసు ఇదే, ఎందుకంటే మ్యుటేషన్ శిస్తు వసూలుకు ఉద్దేశించిన నమోదే తప్ప యాజమాన్య హక్కు ఇవ్వదని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది.

అన్నదమ్ములు వీలునామా చూపిస్తే, కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలున్నాయో లేదో ముందు చూడాలి. అది నిజమైనదని రుజువు చేయాల్సిన భారం దాన్ని చూపించినవారిదే. లబ్ధి పొందినవాడే దగ్గరుండి రాయించాడని తేలితే కోర్టు అనుమానంతో చూస్తుంది. అయితే అది నిజంగా తండ్రి రాసినదే అయి, ఆస్తి స్వార్జితమే అయితే, కూతురికి చట్టంలో దారి లేదు.

మిగిలిన సందర్భాల్లో దారి భాగపంపిణీ దావాయే. ఎవరి వాటా ఎంతో ప్రాథమిక డిక్రీ తేలుస్తుంది. ఆ తర్వాత కోర్టు నియమించే అడ్వకేట్ కమిషనరు పొలానికి వెళ్లి కొలిచి నివేదిక ఇస్తే, తుది డిక్రీ వస్తుంది. పొలం ఈలోపే మూడోవ్యక్తికి అమ్ముడైపోయి ఉంటే అతనినీ ప్రతివాదిగా చేర్చాలి, ఎందుకంటే అమ్మినవారు తమ వాటాను మించి హక్కు బదలాయించలేరు. అమ్మకుండా ఆపడానికి దావాతోపాటే మధ్యంతర ఇంజంక్షన్ కోరాలి. తనను వాటా నుంచి తప్పించినట్టు తెలిసినప్పటి నుంచి 12 ఏళ్లు దాటితే కాలదోషం వాదన ఎదురవుతుంది గనుక, ఆ సంగతి ఎప్పుడు, ఎవరి ద్వారా తెలిసిందో ఇప్పుడే రాసి పెట్టుకోవాలి.

ఖర్చు గురించి ఒక మాట. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కును 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షను ఇచ్చింది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు చేసుకోవచ్చు.

అభ్యాసం: మీ కుటుంబ పొలం ఈసీ తెప్పించుకుని, తండ్రి మరణించిన తేదీ దగ్గర గీత గీసి, దాని కింద ఉన్న ప్రతి పద్దులో రాసిచ్చినవారి పేర్లను విడిగా ఎత్తి రాయండి. నాలుగో పాఠంలో ఆ జాబితాతోనే దావా ముసాయిదా మొదలుపెడతాం.