క్లబ్‌లో ఫొటోలు తీసే పని: మనిషి చీకట్లో, వెలుగు వెనకాల

క్లబ్‌లో ఫొటోలు తీస్తానంటే అందరూ ముందు అడిగేది ఏ కెమెరా అని. కెమెరా సంగతి తర్వాత, ముందు ఒక్క విషయం బుర్రకెక్కాలి, అది ఎక్కితే సగం పని అయిపోయినట్టే. అక్కడ మీరు నొక్కే ప్రతి ఫొటోలో రెండు ఫొటోలు ఉంటాయి. ఒకటి మీ ఫ్లాష్ తీసేది, అంటే ఎదురుగా ఉన్న మనిషి. రెండోది అక్కడి లైట్లు తీసేది, అంటే వెనకాల రంగులు, స్టేజీ, చేతులు పైకెత్తిన జనం. మనిషి మీద వెలుగు ఎంత పడాలో ఫ్లాష్ పవర్, అపెర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం సైజు) చూసుకుంటాయి, వెనకాల రంగు ఎంత ఎక్కాలో షట్టర్ స్పీడ్ (షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంటుందో అది) చూసుకుంటుంది. ఈ రెండూ విడివిడిగా ఆలోచించడం అలవాటైతే చాలు.

కొత్తవాళ్ళు చీకటి కదా షేక్ వస్తుందేమో అని షట్టర్ 1/200, అంటే సెకనులో రెండొందలో వంతు, పెట్టేస్తారు. అప్పుడేమవుతుందంటే మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా, వెనకాల మొత్తం నలుపు, అది క్లబ్బో సామాన్ల గదో చూసేవాళ్ళకి తెలీదు. అదే 1/10 పెట్టి తీసి చూడండి. ఫ్లాష్ తక్కువ పవర్‌లో వెలిగేది సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ సేపు, ఆ రెప్పపాటులో మనిషి ఎగురుతున్నా సరే ఉన్నచోటే ఆగిపోతాడు, షట్టర్ మాత్రం ఇంకా తెరిచే ఉంటుంది కాబట్టి వెనక లైట్లన్నీ నిదానంగా ఫ్రేమ్‌లోకి వచ్చి కూర్చుంటాయి.

మొదలుపెట్టడానికి నేను చెప్పే సెట్టింగ్ ఇది: మాన్యువల్ మోడ్ (అన్నీ మనమే పెట్టుకునేది), ఐఎస్ఓ (కెమెరా వెలుగుని ఎంత సున్నితంగా పట్టాలో చెప్పే అంకె) 800, అపెర్చర్ ఎఫ్ 5.6, షట్టర్ 1/10, ఫ్లాష్ కూడా మాన్యువల్‌లోనే, వెలుగుని మెత్తబరిచే చిన్న డిఫ్యూజర్ తగిలించి 1/32 పవర్ (పూర్తి పవర్‌లో 32వ వంతు), మనిషి మీకు రెండు మీటర్ల దూరంలో. ఒకటి తీసి చూడండి. మొహం ఎక్కువ తెల్లబడితే ఫ్లాష్ తగ్గించండి, వెనకాల చీకటిగా ఉంటే షట్టర్ 1/6కో 1/4కో దించండి. ఆటో మోడ్ మీద ఆధారపడొద్దు, లైట్లు సెకనుకోసారి మారుతుంటాయి కాబట్టి అది ఒకే మనిషిని పది రకాలుగా తీసి పెడుతుంది. పవర్ తక్కువ పెట్టుకోవడంలో ఇంకో లాభం, ఫ్లాష్ వెంటనే మళ్ళీ చార్జ్ అవుతుంది, ఒక నవ్వు వెనకాలే వచ్చే రెండో నవ్వు మిస్సవ్వదు. చాలాసార్లు ఆ రెండోదే అసలు నవ్వు, మొదటిది కెమెరా కోసం పెట్టిన మొహం.

ఇక్కడ ఒక చిక్కుంది, దీన్ని ఎవరూ సరిగ్గా చెప్పరు. స్లో షట్టర్‌లో మనిషి షార్ప్‌గా రావాలంటే ఆ మనిషి మీద క్లబ్ లైటు పడకూడదు. స్పాట్ లైట్ కింద నిలబడ్డవాళ్ళని 1/6లో తీస్తే ఫ్లాష్ ఇచ్చిన మొహం ఒకటి, దాని మీద పొగలాగా కదిలిన మొహం ఇంకోటి, రెండు ముక్కులు, నాలుగు కళ్ళు. అందుకే నేను లోపలికి వెళ్ళగానే ఫొటో తీయను, పావుగంట ఊరికే తిరుగుతా, ఏ లైటు ఎక్కడ పడుతోంది, ఏ మూల చీకటిగా ఉండి దాని వెనకాల రంగులు ఆడుతున్నాయి అని చూసుకుంటా. అలాంటి మూలలు మూడు నాలుగు దొరికితే ఆ రాత్రి గడిచిపోతుంది. మనిషి చీకట్లో, వెలుగు వాళ్ళ వెనకాల. తప్పనిసరిగా వెలుగులో తీయాల్సొస్తే షట్టర్ 1/60కి పెంచేయండి.

రియర్ కర్టెన్ సింక్ అని మెనూలో ఉంటుంది. డాన్స్ చేసేవాళ్ళకి అది బాగుంటుంది, ఫ్లాష్ చివర్లో వెలుగుతుంది కాబట్టి లైట్ల గీతలు కదలిక వెనకాల పడతాయి. నిలబడి ఫోజు ఇచ్చే గుంపుకి మాత్రం ఫ్లాష్ మొదట్లోనే వెలిగే మామూలు సింకే మేలు, ఎందుకంటే షట్టర్ మరీ స్లోగా ఉంటే మీరు నొక్కిన క్షణానికీ ఫ్లాష్ వెలిగే క్షణానికీ మధ్య నవ్వు జారిపోతుంది. ఫ్లాష్ వెలిగిన వెంటనే మణికట్టు తిప్పితే లైట్లు సుడులు తిరిగినట్టొస్తాయి, మామూలు సింక్‌లోనే కుదిరే పని ఇది, చూడ్డానికి భలే ఉంటుంది గానీ రాత్రికి రెండు మూడు చాలు.

చీకట్లో ఫోకస్ తడబడుతుంది. కొంచెం వైడ్ లెన్స్ (ఎక్కువ వెడల్పు పట్టేది) వాడితే దీనికి మంచి మార్గముంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో (సెన్సర్, అంటే ఫొటోని పట్టే చిప్, పాత 35 ఎంఎం ఫిల్మ్ అంత ఉండేది) 24 ఎంఎం దగ్గర, ఎఫ్ 5.6లో, రెండు మీటర్ల మీద ఫోకస్ పెట్టి మాన్యువల్‌కి మార్చేస్తే దాదాపు ఒకటింపావు మీటరు నుంచి నాలుగున్నర మీటర్ల దాకా అంతా చాలినంత షార్ప్‌గానే ఉంటుంది. ఇక కెమెరా తలపైకెత్తి చూడకుండా నొక్కినా పర్లేదు.

పొగ వదిలినప్పుడు ఓ పది సెకన్లు ఆగండి, లేకపోతే ఫ్లాష్ ఆ పొగకే తగిలి ఫ్రేమంతా తెల్ల దుప్పటి కప్పినట్టు అవుతుంది. ఫ్లాష్‌ని సీలింగ్‌కి కొట్టించడం చాలా క్లబ్బుల్లో కుదరదు, నల్ల రంగు వేసి ఉంటుంది. రా ఫార్మాట్‌లోనే (కెమెరా పట్టిన సమాచారమంతా దాచే ఫైల్) తీయండి, నీలం ఎరుపు ఎల్ఈడీల వెలుగులో ఒక్క రంగే మరీ ఎక్కువై అందులో వివరాలు పోతాయి, తర్వాత సరిచేసుకోడానికి కొంతైనా మిగలాలి.

లేజర్ల విషయం మాత్రం సీరియస్‌గా తీసుకోండి. లేజర్ కిరణం నేరుగా లెన్స్‌లోకి వస్తే సెన్సర్ కాలిపోవచ్చు, కాలిందంటే రిపేర్ ఉండదు, సెన్సర్ మార్చాల్సిందే. మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాల్లో మీరు ఫొటో తీయకపోయినా ఆన్‌లో ఉన్నంతసేపు సెన్సర్ తెరిచే ఉంటుంది. నాతో పనిచేసిన ఒకబ్బాయి కెమెరాలో ఒక్క రాత్రిలో నిలువునా గులాబీ రంగు గీత పడింది, ఆ తర్వాత తీసిన ప్రతి ఫొటోలో అదే గీత. లైట్లు ఆపరేట్ చేసేవాళ్ళని ముందే కలిసి లేజర్లు ఎప్పుడు, ఎంత ఎత్తులో తిరుగుతాయో అడగండి, ఆ టైంకి కెమెరా కిందకి దించేయండి.

చెవులు కూడా అంతే. వృత్తి ఆరోగ్యం మీద పనిచేసే అమెరికా సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ సౌండ్‌లో 8 గంటలు ఉండొచ్చు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ టైం సగమవుతుంది, అంటే 100 దగ్గర 15 నిమిషాలే. మనం అక్కడ ఐదారు గంటలు ఉంటాం. ఇయర్ ప్లగ్స్ లేకుండా లోపలికి అడుగు పెట్టొద్దు.

ఇప్పుడు మనుషుల సంగతి. సౌండ్‌లో మాటలు వినబడవు, అందుకని అడగడం కళ్ళతోనే. కెమెరా కొంచెం పైకెత్తి, కనుబొమ్మలెగరేసి ఆగండి. తల ఊపితే తీయండి, చేయి అడ్డం పెడితే నవ్వి కదిలిపోండి. ఒకసారి నలుగురు ఆడపిల్లలు పిలిచి మరీ ఫోజిచ్చారు, ముగ్గురు నవ్వుతున్నారు, నాలుగో అమ్మాయి జుట్టు మొహం మీదకి లాక్కుని పక్కకి జరుగుతోంది, స్నేహితురాళ్ళేమో లోపలికి లాగుతున్నారు. కెమెరా దించేశా. ఆ అమ్మాయికి వేలితో సైగ చేసి ఫ్రేమ్ బయటికి రమ్మన్నా, మిగతా ముగ్గురిదీ తీసి స్క్రీన్ మీద నాలుగో అమ్మాయికే ముందు చూపించా. ఓ గంటయ్యాక తనే వచ్చి నాదొకటి తీయండి అంది, ఆ రాత్రి బెస్ట్ ఫొటో అదే. తాగి తూలుతున్నవాళ్ళని, ఏడుస్తున్నవాళ్ళని, ఓ మూల ఇద్దరే ఉన్నవాళ్ళని అసలు తీయొద్దు. ఎవరైనా వచ్చి డిలీట్ చెయ్యమంటే కారణం అడక్కుండా వాళ్ళ కళ్ళముందే చెయ్యండి.

డీజే దగ్గరికి వెళ్ళేముందు పర్మిషన్ తీసుకోండి, మిక్స్ చేస్తున్నప్పుడు కళ్ళలోకి ఫ్లాష్ కొట్టొద్దు. ఓనర్‌తో ఎన్ని గంటలు, ఎన్ని ఫొటోలు, ఎప్పుడిస్తారు, డబ్బులు ఏ రోజు అన్నీ ముందే రాతలో పెట్టుకోండి, మెసేజ్ అయినా చాలు. సామాను తగ్గించండి: ఒక కెమెరా బాడీ, ఒక లెన్స్, రెండు సెట్ల బ్యాటరీలు, లెన్స్ తుడవడానికి గుడ్డ, ఎందుకంటే రాత్రంతా ఎవరి వేలో దాని మీద పడుతూనే ఉంటుంది.

ఇంటికొచ్చాక ఎంత నిద్రొస్తున్నా మెమరీ కార్డు కాపీ చేసి పడుకోండి. నాలుగొందలు తీస్తే అరవై ఇవ్వండి, ఒకే గుంపువి రెండు ఉంటే అందరి కళ్ళూ తెరిచి ఉన్నది కాదు, అందరూ నిజంగా నవ్వుతున్నది ఉంచండి. ఫైళ్ళు వాళ్ళకి అందాయని మెసేజ్ వచ్చేదాకా కార్డు ఫార్మాట్ చెయ్యొద్దు.