పెద్దకర్మ రోజు మనవాళ్ల కోసం పాడాలన్నా, వాయించాలన్నా

ముందు ఇంట్లో పెద్దవాళ్లని ఒక మాట అడగండి. శవం లేవకుండా పాటలేంటని కొందరు నొచ్చుకుంటారు, కొన్ని ఇళ్లలో రాత్రంతా తత్వాలూ భజనలూ సాగుతాయి, ఎవరి ఆచారం వాళ్లది. సాగనంపేటప్పుడు డప్పులు మోగుతుంటే వయొలిన్ ఎలాగూ వినపడదు. నన్నడిగితే పెద్దకర్మ నాడు, భోజనాలకి ముందు, ఫొటో పక్కన కూర్చుని చెయ్యడం నయం, అప్పటికి గొంతు కాస్త మన మాట వింటుంది.

పోయినవాళ్లు వంటింట్లో కూనిరాగం తీసిన పాట ఏదో అదే పట్టుకోండి, మీకు అంతకంటే గొప్పవి వచ్చినా సరే. శోకం కదా అని ముఖారి లాంటి ఏడుపు రాగం వెతుక్కోనక్కర్లేదు. మా మామ్మకి మోహన రాగం ఇష్టం, విజయనగరంలో మా వాకిట్లో నేను వాయించింది అదే.

పాడేవాళ్లు మామూలు శ్రుతి కంటే ఒక మెట్టు తగ్గించుకోండి. ఏడుపొస్తే ముందు పోయేది పై స్థాయే కాబట్టి తార షడ్జం, అంటే పై 'స', మీద నిలబడాల్సిన చరణం ఉంటే వదిలెయ్యండి. పల్లవి, ఒక చరణం, నాలుగు నిమిషాలు, చాలు.

వయొలిన్ వాళ్లకి గొంతు బదులు కుడిచెయ్యి. నేను బడాయికి కమానుని (తీగల మీద లాగే పుల్లని) ఈ చివర నుంచి ఆ చివరికి పొడుగ్గా లాగుతూ మొదలుపెట్టాను, సగానికి వచ్చేసరికి అది తీగ మీద గడగడా వణికి, అనుపల్లవిలో ఆగిపోయాను. వెనక నుంచి ఓ ముసలావిడ, "ఏటమ్మా ఆపీసినావు, వాయించు" అంది. అప్పుడు కమానుని కొంచెం కొంచెంగా లాగుతూ, కాస్త నడకగా ఎత్తుకుంటే వణుకు తెలియలేదు. మీరు మొదటే అలా చెయ్యండి. పక్కన తమ్ముణ్ణో మరదల్నో కూర్చోబెట్టుకోండి, మీరు ఆగితే వాళ్లు అందుకోవాలి.

శ్రుతికి ఫోన్‌లో యాప్ పెట్టుకుంటే ఏరోప్లేన్ మోడ్ మర్చిపోకండి, ఆ రోజు పరామర్శ ఫోన్లు ఆగవు. షామియానా కింద వేడికి తీగలు దిగుతాయి, కూర్చున్నాక బిరడాలు మళ్లీ చూసుకోండి.

ముందురోజు రాత్రి ఒంటరిగా, ఫొటో ఎదురుగా పెట్టుకుని, ఏడుస్తూనే చివరిదాకా వెళ్లగలిగేవరకు సాధన చెయ్యండి. ఆ రోజు మాత్రం ఫొటో వైపు చూడకండి, షామియానా గుంజ వైపు చూడండి. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు మాది, వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వాయించిన ఊరు, కూర్చున్న వరసలో ఒక్కరికైనా గమకం, అంటే స్వరాన్ని ఊపే పద్ధతి, తెలిసే ఉంటుంది, అయినా ఆవేళ ఎవరూ తప్పులు లెక్కపెట్టరు.

అయిపోయాక చప్పట్లుండవు. కమాను వదులు చేసి, పెట్టె మూసి, వడ్డనకి వెళ్లిపోండి.