నరం నొప్పిని గుర్తుపట్టడం – 3వ పాఠం: గాయం మానింది, నరం మానలేదు

ఊరికే ఉన్న నరం లోపల దాదాపు మైనస్ 70 మిల్లీవోల్టులు ఉంటుందని, సోడియం ఛానెళ్లు (నరం పొరలో సోడియం లోపలికొచ్చే దారులు) తెరుచుకుంటేనే కబురు బయల్దేరుతుందని పోయిన పాఠంలో చూశాం. ఇప్పుడు అదే సంగతి మనిషి చేతి మీద చూద్దాం.

కవిటి వైపు కొబ్బరికాయలు దింపే ఒకాయన అనుకోండి. కత్తి జారి మణికట్టు తెగింది. కుట్లు విప్పి నెలలైంది. అయినా చొక్కా చెయ్యి రాసుకుంటే చాలు, జివ్వుమని లాగుతోందంటాడు. మచ్చ మీద వేలితో మెల్లగా తట్టి, "ఎందాకా తెలుస్తోంది బాబాయ్?" అని అడగండి. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలి దాకా షాక్ కొట్టినట్టు పాకితే అది మీడియన్ నరం. దీన్నే టినెల్ పరీక్ష అంటారు. నరం మళ్లీ మొలకెత్తుతున్నప్పుడూ ఇలాగే ఉంటుంది కాబట్టి దీనొక్కదాంతో తేల్చెయ్యకండి.

తెగిన నరం కొసన సోడియం ఛానెళ్లు పోగుపడతాయి. పైగా పిండ దశలో ఎక్కువగా ఉండి తర్వాత తగ్గిపోయే ఎన్ఏవి 1.3 అనే సోడియం ఛానెల్ రకం, నరం తెగిన ఎలుకల్లో మళ్లీ కనిపించింది. అది ఒకసారి పనిచేశాక చాలా త్వరగా మళ్లీ సిద్ధమవుతుంది. అందుకే చిన్న తాకిడికే వరసపెట్టి కబుర్లు. కుట్లకు ముందు ఇచ్చే లిగ్నోకైన్ ఇంజెక్షన్ మూసేది సోడియం ఛానెళ్లనే.

మరి చొక్కా తగిలితే నొప్పేమిటి? అది వెన్నుపాము దగ్గర జరిగే తంతు. అక్కడ నరం కొసన కాల్షియం ఛానెల్ తెరుచుకుంటేనే కబురును తర్వాతి నరానికి అందించే రసాయనం బయటికొస్తుంది. గాయం తర్వాత ఆ ఛానెల్‌కు తోడుండే ఆల్ఫా2డెల్టా భాగం పెరుగుతుంది. నరం నొప్పికి ఇచ్చే గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ మందులు వెళ్లి పట్టుకునేది దాన్నే.

ఇక్కడ కాస్త ఆగండి. ఈ రెండు మందులూ దాదాపు ఉన్నవున్నట్టే మూత్రంలో పోతాయి. కిడ్నీ మందగిస్తే ఒంట్లో పేరుకుని మత్తు, తూలుడు వస్తాయి. వేరేచోట ఇది పుస్తకంలో చివరి పేజీ సంగతి కావచ్చు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మన ఉద్దానంలో మాత్రం మందుచీటీ చేతికి రాగానే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు అడగాలి. డోసు తగ్గించడం డాక్టరు పని, అడగడం మన పని.

అభ్యాసం: పలాసలో జీడిపప్పు పనిచేసే ఒకామె మోచేతి లోపలి ఎముక వెనక తట్టగానే చిటికెనవేలు జివ్వుమంది. ఏ నరం? గాబాపెంటిన్ వాడుతూ తూలుతున్నానంటే మొదట ఏం అడుగుతారు? జవాబులు రాసి ఉంచుకోండి. వచ్చే పాఠం పొటాషియం ఛానెళ్లు.