పీఎస్‌ఎంఏ పెట్ స్కాన్‌కి పెద్దాయనను తీసుకెళ్లే ముందు

బయాప్సీలో ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలాక, లేదా ఆపరేషన్ అయిన కొన్నేళ్లకి పీఎస్‌ఏ (ప్రోస్టేట్ జబ్బు కోసం చేసే రక్తపరీక్ష) మళ్లీ పెరుగుతున్నప్పుడు, యూరాలజిస్టు చీటీ మీద 'పీఎస్‌ఎంఏ పెట్ సీటీ' అని రాస్తారు. ఇంట్లో అందరి చెవినా పడేది మాత్రం 'పెట్ స్కాన్' అన్న మాటే. చిక్కు అక్కడే మొదలవుతుంది. చుట్టాల్లో ఎవరికో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి పెట్ స్కాన్ చేయించి ఉంటారు. 'ముందు రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దు, షుగర్ బాగా తగ్గి ఉండాలి' అని వాళ్లు ఫోన్లో చెప్తారు. ఆ మాట పట్టుకుని డెబ్భై ఏళ్ల షుగర్ మనిషిని కడుపు మాడ్చి ప్రయాణం చేయిస్తే, స్కాన్ సెంటర్ చేరేలోపే చెమటలు పట్టి కళ్లు తిరిగే ప్రమాదం ఉంది.

చుట్టాలు చెప్పింది ఎఫ్‌డీజీ పెట్ గురించి. అందులో ఎక్కించేది గ్లూకోజ్ లాంటి పదార్థం, కాబట్టి ఉపవాసం తప్పదు. పీఎస్‌ఎంఏ స్కాన్‌కి రక్తంలో చక్కెరతో పని లేదు. ప్రోస్టేట్ కణాల పైపొర మీద ఉండే ఒక ప్రొటీన్ పేరే పీఎస్‌ఎంఏ. ఎక్కువ మందిలో క్యాన్సర్ కణాల మీద అది చాలా ఎక్కువగా ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకునే మందుకి కొద్దిసేపు రేడియేషన్ ఇచ్చే గాలియం-68 గానీ ఫ్లోరిన్-18 గానీ జతచేసి నరంలోకి ఎక్కిస్తారు. అందుకే మామూలుగా టిఫిన్ తినొచ్చు, రోజూ వాడే బీపీ, షుగర్ మాత్రలు వేసుకోవచ్చు. అయితే కొన్ని సెంటర్లలో సీటీ బొమ్మ స్పష్టంగా రావడానికి కాంట్రాస్ట్ అనే మందు కూడా ఇస్తారు. అప్పుడు కొన్ని గంటలు తినొద్దంటారు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు అడుగుతారు. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడేవాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, కాంట్రాస్ట్‌కి ఇదివరకు ఒంటిమీద దద్దుర్లు వచ్చినవాళ్లు ముందే చెప్పాలి. ముందు రోజే సెంటర్‌కి ఫోన్ చేసి ఈ మూడు ప్రశ్నలు అడగండి: ఇది ఏ పెట్ స్కాన్, కాంట్రాస్ట్ ఉందా, ఎన్నింటి వరకు తినొచ్చు?

ఈ స్కాన్ మీద డాక్టర్లకి అంత నమ్మకం ఊరికే రాలేదు. ఆస్ట్రేలియాలో ముప్పు ఎక్కువగా ఉన్న 302 మంది ప్రోస్టేట్ క్యాన్సర్ రోగుల మీద చేసిన అధ్యయనం 2020లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. జబ్బు వ్యాపించిందో లేదో తేల్చడంలో పాత పద్ధతి, అంటే సీటీ, బోన్ స్కాన్ కలిపి, 65 శాతం కచ్చితత్వం చూపితే, పీఎస్‌ఎంఏ పెట్ సీటీ 92 శాతం చూపింది. రేడియేషన్ కూడా పాత పద్ధతితో పోలిస్తే సగం కంటే తక్కువే. అలాగని అన్నీ చూపెట్టే స్కాన్ కాదు. కొద్దిమందిలో క్యాన్సర్ కణాల మీద ఈ ప్రొటీన్ తక్కువగా ఉంటుంది, వాళ్లలో జబ్బు కనపడకపోవచ్చు. ఆపరేషన్ తర్వాత పీఎస్‌ఏ ఇంకా చాలా తక్కువగా ఉన్నప్పుడు చేయిస్తే ఏమీ దొరక్కపోయే అవకాశం ఎక్కువ. 'ఇప్పుడే చేయించాలా, ఇంకొంచెం ఆగాలా' అని డాక్టర్‌ని అడగడంలో తప్పేం లేదు. ఖర్చు తక్కువేం కాదు కదా.

ప్రోస్టేట్ క్యాన్సర్‌ని అదుపు చేయడానికి ఇచ్చే హార్మోన్ ఇంజెక్షన్ల సంగతి మరిచిపోవద్దు. ఆ చికిత్స మొదలయ్యాక కణాలు ఈ మందును పట్టుకునే తీరు మారుతుంది, దానివల్ల బొమ్మ కూడా మారొచ్చు. ఇంజెక్షన్, స్కాన్ రెండూ ఒకే చీటీ మీద రాసి ఉంటే ఏది ముందో అడిగి తెలుసుకోండి. ఇప్పటికే నడుస్తున్న ఇంజెక్షన్‌ని మాత్రం స్కాన్ కోసమని మీ అంతట మీరు ఆపకండి. బయాప్సీ రిపోర్టు, తేదీలతో సహా పీఎస్‌ఏ రిపోర్టులన్నీ, ఆపరేషన్, రేడియేషన్, చివరి హార్మోన్ ఇంజెక్షన్ తేదీలు ఒక కాగితం మీద రాసి ఫైల్లో పెట్టండి. ఈమధ్య కిందపడ్డారా, పక్కటెముక విరిగిందా అన్నదీ రాయండి. మానుతున్న ఎముక కూడా ఈ స్కాన్‌లో వెలగొచ్చు.

పొరుగూరి నుంచి వచ్చేవాళ్లకి ఒక మాట. గాలియం-68 బలం ప్రతి 68 నిమిషాలకీ సగానికి పడిపోతుంది, ఫ్లోరిన్-18కి 110 నిమిషాలు పడుతుంది. నిల్వ పెట్టుకునే మందు కాదు, ఆ రోజుకి ఆ రోజు తయారు చేయాల్సిందే. తయారైన డోస్ నాణ్యత పరీక్షలో నిలవకపోతే స్కాన్ మధ్యాహ్నానికో మర్నాటికో జరుగుతుంది. కాబట్టి సాయంత్రం రైలుకి తిరుగు టికెట్ బుక్ చేసుకోకండి. మీరే రాలేకపోతే మాత్రం వీలైనంత ముందు చెప్పండి, లేకపోతే మీ పేరున చేసిన డోస్ వృథా.

స్కాన్ రోజు వదులు పంచె, చొక్కా చాలు. వెండి మొలతాడు, తాయెత్తు, ఉంగరాలు, గొలుసు ఇంట్లోనే తీసేయండి. చాలామంది పెద్దవాళ్లు మొలతాడు తీయడానికి ఇష్టపడరు, అక్కడ పదిమందిలో తీయించే కంటే ఇంట్లో నెమ్మదిగా నచ్చజెప్పడం వాళ్ల మర్యాదకి మంచిది. ఇంకో జత బట్టలు తప్పకుండా పెట్టుకోండి. ఎక్కించిన మందులో కొంత మూత్రంలో బయటికి పోతుంది. పంచె మీద నాలుగు చుక్కలు పడినా స్కాన్‌లో అది మచ్చలా మెరిసి డాక్టర్‌ని తప్పుదోవ పట్టించవచ్చు. ప్రోస్టేట్ సమస్య ఉన్నవాళ్లకి చుక్కలు పడటం మామూలే, సిగ్గుపడాల్సిన పని లేదు. తడిస్తే స్టాఫ్‌కి చెప్పి, కడుక్కుని, బట్టలు మార్చుకుంటే సరి. క్యాథెటర్ (మూత్రం గొట్టం), డైపర్ ఉంటే వెళ్లగానే చెప్పండి.

ఇంజెక్షన్ తర్వాత దాదాపు గంట కూర్చోబెట్టి నీళ్లు తాగమంటారు. గుండె బలహీనత వల్లో డయాలసిస్ వల్లో నీళ్లకి కొలత ఉన్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. మూత్రం త్వరగా రావడానికి కొన్నిచోట్ల ఫ్యూరోసెమైడ్ కూడా ఇస్తారు. మూత్రం సరిగా దిగక ఇబ్బంది పడుతున్నవాళ్లకి దానితో పొట్ట ఉబ్బి నొప్పి రావచ్చు, బీపీ తగ్గి లేవగానే తూలొచ్చు. బాత్రూమ్ దాకా ఒకరు వెంట ఉండాలి. మిషన్ ఎక్కే ముందు బ్లాడర్ పూర్తిగా ఖాళీ చేయిస్తారు.

మిషన్ మీద ఇరవై నిమిషాల నుంచి అరగంట దాకా వెల్లకిలా, చేతులు తల పైకి పెట్టుకుని కదలకుండా పడుకోవాలి. ఎమ్మారైలో ఉండే మోత ఉండదు. కష్టపెట్టేది భుజం నొప్పే. అది ఉంటే ముందే చెప్పండి, చేతులు కింద పెట్టి చేసే ఏర్పాటు చూస్తారు.

ఇంటికొచ్చాక రేడియేషన్ అని పెద్దాయనను ఓ గదిలో ఒంటరిగా పెట్టేవాళ్లున్నారు. దయచేసి అలా చేయకండి. ఆ రోజంతా చంటిపిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోకుండా, గర్భిణులకి కాస్త దూరంగా ఉంటే చాలు. కూర్చుని మూత్రానికి వెళ్లి, రెండుసార్లు ఫ్లష్ చేసి, చేతులు శుభ్రంగా కడుక్కోవాలి. నీళ్లకి కొలత లేనివాళ్లు ఎక్కువ తాగాలి. అందరితో కలిసి భోంచేయొచ్చు, తన మంచం మీదే పడుకోవచ్చు. మర్నాటికి ఒంట్లో మిగిలేది దాదాపు ఏమీ ఉండదు.

రిపోర్టు ఫోన్‌కి వచ్చేస్తుంది, బొమ్మ చూసి గుండె జారిపోతుంది. దవడల దగ్గర, కళ్ల దగ్గర, కిడ్నీలు, లివర్, పేగుల్లో వెలుగు కనిపిస్తుంది. అది జబ్బు పాకడం కాదు. లాలాజల గ్రంథులు, కన్నీటి గ్రంథులు, కిడ్నీలు సహజంగానే ఈ మందును పీల్చుకుంటాయి. పక్కటెముక మీద ఒక్క చిన్న మచ్చ కనిపించినా, ముఖ్యంగా కొన్ని ఫ్లోరిన్-18 మందులతో, అది క్యాన్సర్ కాకపోవచ్చు. అందుకని రిపోర్టును ఫ్యామిలీ గ్రూపులో పెట్టకుండా, పెద్దాయనకి ముక్కలు ముక్కలుగా చదివి వినిపించకుండా, సీడీతో సహా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. అక్కడ అడగాల్సింది, ఈ స్కాన్ వల్ల చికిత్సలో ఏం మారుతుందని. అనుమానం ఉన్న మచ్చకి ఎమ్మారై గానీ బయాప్సీ గానీ కావాలా అని కూడా అడగండి. సీడీ తిరిగి తీసుకుని జాగ్రత్త చేయండి. తర్వాతి స్కాన్‌ని దీనితో పోల్చి చూస్తారు, వీలైతే అప్పుడు కూడా ఇదే మందుతో చేయించమని అడగండి.