చేత్తో ఫోకస్ స్టాకింగ్: పురుగుల మాక్రోలో వచ్చే తంటాలు, వాటి మందు

ఫోకస్‌ను కొంచెం కొంచెం జరుపుతూ తీసిన చాలా ఫ్రేములను సాఫ్ట్‌వేర్‌తో కలిపి, పురుగంతా స్పష్టంగా ఉన్న ఒకే ఫోటో చేయడమే ఫోకస్ స్టాకింగ్. ఆ స్టాక్ చెడితే చాలామంది సాఫ్ట్‌వేర్ సెట్టింగుల మీద పడతారు. తప్పు మాత్రం ఎక్కువసార్లు ఫోటో తీసేటప్పుడే జరిగిపోయి ఉంటుంది. ఏపీఎస్‌సీ (ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) కెమెరాలో 1:1 దగ్గర, అంటే పురుగు బొమ్మ సెన్సర్ మీద అసలు సైజులోనే పడేటప్పుడు, అపర్చర్ (లెన్సు రంధ్రం) ఎఫ్8 పెడితే స్పష్టంగా వచ్చే మందం సుమారు 0.6 మి.మీ. 2:1 (రెట్టింపు సైజు) దగ్గర ఎఫ్5.6 అయితే 0.2 మి.మీ. కూడా ఉండదు. కింద చెప్పినవన్నీ ఈ లెక్క చుట్టూనే తిరుగుతాయి.

కన్ను బాగుంది, మెడ బాగుంది, మధ్యలో మసక పట్టీ

కారణం: రెండు ఫ్రేముల మధ్య మీరు జరిగిన దూరం ఆ మందం కన్నా ఎక్కువ. తియ్యని పొరను ఏ సాఫ్ట్‌వేరూ పుట్టించలేదు.

పరిష్కారం: మాన్యువల్ ఫోకస్ పెట్టి రింగు ముట్టుకోకండి. ఫోకస్ మీసాల కొసకు కాస్త ఇవతల ఉండగా మొదలుపెట్టి, ఒళ్లంతా మెల్లగా ముందుకు వాల్చుతూ సెకనుకు మూడు ఫ్రేముల చొప్పున తీయండి. పక్క పక్క ఫ్రేములు మూడో వంతైనా ఒకదానిమీద ఒకటి పడాలి. తూనీగ తల లోతు 5 మి.మీ. అనుకుంటే, 1:1లో 0.4 మి.మీ. అడుగులకు 13 ఫ్రేములు చాలు. కానీ చెయ్యి సమంగా జరగదు కాబట్టి 25 తీయండి. అదే పురుగును రెండు మూడు దఫాలు తీసి, కుదిరిన దఫాను ఉంచుకోండి.

ఆరు కాళ్ల పురుగుకు తొమ్మిది కాళ్లు

ఇక్కడ కారణాలు రెండు, మందులు వేరు. ఫ్రేములను వరసగా గబగబా తిప్పి చూడండి. తల కదలకుండా మీసమో కాలో మాత్రమే జరిగితే పురుగు కదిలింది. పురుగు అలాగే ఉండి వెనక ఆకు పక్కకు జరిగితే, మీ చెయ్యి పక్కకు ఊగింది. సాఫ్ట్‌వేర్ ఫ్రేమును జరపగలదు, తిప్పగలదు, సైజు సరిచేయగలదు; కోణం మారితే మాత్రం ఏమీ చేయలేదు.

చెయ్యి ఊగుతుంటే: ఎడమచేతి వేళ్లతో పురుగున్న రెమ్మను పట్టుకుని, అదే చేతి మీద లెన్సును ఆనించండి. గాలి వీచినా రెమ్మా కెమెరా కలిసే ఊగుతాయి. విశాఖలో ఈ ఒక్క పట్టు సగం ఫోటోలను కాపాడుతుంది. పొద్దెక్కి సముద్రపు గాలి లేచాక కైలాసగిరి వాలు మీద గడ్డిపరక నిలవదు. కంబాలకొండ చెట్ల చాటున కొంత నయం.

పురుగు కదులుతుంటే: సూర్యోదయం వేళకు వెళ్లండి, అదీ డిసెంబరు, జనవరి చలిలో. ఒళ్లు వెచ్చబడేదాకా తూనీగలు, కందిరీగలు పెద్దగా కదలవు. అప్పటికీ ఒక కాలు జంటగా వస్తే, జెరీన్ స్టాకర్ అనే స్టాకింగ్ సాఫ్ట్‌వేర్ రీటచింగ్‌లో ఆ కాలు స్పష్టంగా ఉన్న ఒకే ఫ్రేము నుంచి బ్రష్‌తో దిద్దండి.

వెంట్రుకల చుట్టూ మసక అంచు

జెరీన్ స్టాకర్‌లో ఫ్రేములను కలిపే పద్ధతులు రెండు: డీమ్యాప్, పీమ్యాక్స్. మీరు డీమ్యాప్ వాడి ఉంటారు. ఒకదానిమీదుగా ఒకటి పోయే నూగుకు పీమ్యాక్స్ మేలు. పీమ్యాక్స్ వల్ల నాయిస్ (ఫోటోలో గరుకు చుక్కలు) పెరుగుతుంది కనుక నున్నటి రెక్కలకు, పెంకుకు డీమ్యాప్ ఉంచి, రెంటినీ రీటచింగ్‌లో కలపండి.

కొన్ని ఫ్రేములు చీకటి

ఫ్లాష్ చార్జ్ అందుకోలేదు. పవర్ 1/16కో 1/32కో దించి, డిఫ్యూజర్‌ను (ఫ్లాష్ వెలుగును మెత్తబరిచే తెరను) పురుగుకు దగ్గరగా తెండి.

ఏ ఫ్రేమూ పదునుగా లేదు

ఫ్లాష్ ఆపి ఒకటి తీయండి. దాదాపు నల్లగా రావాలి. బొమ్మ కనిపిస్తే బయటి వెలుతురే అదురును పట్టేస్తోంది: ఐఎస్‌వో తగ్గించి, షట్టర్‌ను మీ కెమెరా ఫ్లాష్ సింక్ హద్దు దాకా, అంటే 1/200 దగ్గరికి, పెంచండి. నల్లగానే వస్తే అపర్చర్ చూడండి. 1:1లో ఎఫ్16 పెడితే అసలు పనిచేసేది సుమారు ఎఫ్32. డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం గుండా వెలుగు చెదరడం) పదును తినేస్తుంది. స్టాక్ చేసేటప్పుడు అంత మూయాల్సిన పనేలేదు.

ఫోటో అంతా పాలు కలిపినట్టు తెలుపు

ఏసీ గదిలోంచి నేరుగా బయటి ఉక్కలోకి తెచ్చిన లెన్సు మీద ఆవిరి పట్టింది. తుడవకండి, మళ్లీ పడుతుంది. ఈసారి బ్యాగు జిప్పు తీయకుండా అరగంట బయట ఉంచి, ఆ తర్వాతే తెరవండి.